బయానా

విచారణ రిజిస్టరు, సమాధుల పుట,
నూట పద్నాలుగో వరుస.
పేరు: ఏడుకొండలు.
వయసు: నలభై ఆరు, సుమారుగా.
పని: గుంటూరు మిర్చి యార్డులో ముఠా కూలీ.
జ్ఞానస్నానం తేదీ:
ఈ గడి దగ్గరికొచ్చి
మూడు వారాలుగా నా పెన్ను
మూత తీస్తోంది, పెడుతోంది.

ఉపదేశిని నేను. ఆగమన్నదీ నేనే.

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లలో తలనీలాలిచ్చి
ఆ గుండుతోనే మా గుమ్మంలోకి వచ్చాడు.
"ఇప్పుడే ఓ చెంబెడు పోసెయ్యకూడదా అయ్యా?"
విశ్వాస సంగ్రహం సగం దాకే వచ్చు అతనికి.
ప్రభువును పాతాళం దాకా దించేవాడు,
పైకి తేవడం మర్చిపోయేవాడు ప్రతిసారీ.
"పాస్కా జాగరణ దాకా ఆగు, ఈలోగా నేర్చుకో" అన్నాను.
పేరు మాత్రం ముందే ఎంచుకున్నాడు, రాయప్ప.
"ఏడు కొండలు మొయ్యలేకపోతున్నా,
ఒక్క రాయి చాల్లే" అని
గుండు తడుముకుని నవ్వాడు.

మార్చిలో, సీజను మంచి ఊపు మీదుండగా
తేజా బస్తాల నిట్టు ఒరిగింది.
పక్కనున్న మస్తాన్‌వలీ
దగ్గుకుంటూ, తుమ్ముకుంటూ, బస్తాలు లాగి
తన సీసాలో నీళ్లు అతని మొహాన పోశాడు.
"లే అన్నా, లే" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.
శంకర్‌విలాస్ బ్రిడ్జి మీద
అంబులెన్సు కూత ఆపేసింది.

ఆ రాత్రి గురువుగారి వరండాలో వాదం.
రిటైర్డు హెడ్మాస్టరు లూర్దు మర్రెడ్డి గారు
చేతికర్ర మీద గడ్డం ఆనించి:
"నీళ్లు పడ్డాయి, మాట పడలేదు.
మాట లేని నీళ్లు మొహం కడిగే నీళ్లే.
ఆయన పెట్టింది ఒకటే తలుపు.
కిటికీలు కొట్టడానికి మనమెవరం?"

ఫాదర్ బాలశౌరి నెమ్మదిగా:
"తలుపు మన కోసం పెట్టాడు మాస్టారూ,
తనను తాను బంధించుకోడానికి కాదు.
అతను కోరుకున్నాడు. ఆ కోరికే స్నానం."

"కోరికే చాలితే
ఆ రాతి తొట్టి దేనికి? మీరు దేనికి? ఈయన దేనికి?"
ఈయన అంటే నేను.

టీ గ్లాసులు తీయడానికొచ్చిన వంటమనిషి తెరేజమ్మ
ఎవరినీ చూడకుండా అంది:
"పురిట్లోనే పోయిన నా పిల్లని
గోడవతల పూడ్పించారు అప్పటి ఫాదరు.
దానికి కోరిక కూడా లేదు, పాలు తప్ప."
గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి.
మర్రెడ్డి గారు కర్ర చేయి మార్చుకున్నారు.

మర్నాడు సమాధుల దొడ్లో
ఆయనే మస్తాన్‌వలీని పక్కకు పిలిచి అడిగారు,
ఏమనుకుంటూ పోశావు నాయనా అని.
"బతకాలని సార్.
ఇంకెందుకు పోస్తారు?"

నిద్ర పట్టని రాత్రుళ్లు లెక్క చూసుకుంటాను.
యార్డులో బయానా పుచ్చుకున్న సరుకుని
ఇంకొకడికి తూచరు, అది మాట.
జుట్టు ఇచ్చాడు. పేరు ఇచ్చాడు.
పాఠానికొచ్చిన సాయంత్రాల కూలీ వదులుకున్నాడు.
బయానా అంతా అతనిదే.
కాటా దగ్గర నిలబెట్టింది నేను,
ఒక్క పద్యం అప్పజెప్పలేదని.

పాస్కా రాత్రి.
పట్నంబజారులో కొన్న తెల్ల తువ్వాళ్లు ఏడు,
తొట్టి మీద వంగిన తలలు ఆరు.

ఆ తర్వాతి ఆదివారం అతని భార్య నాంచారమ్మ వచ్చింది.
యార్డు నుంచే వచ్చింది, కొంగంతా ఘాటు.
"నాకు నీళ్లు పోస్తే ఆయన కాడికి పోతానా అయ్యా,
పొయ్యకపోతేనే పోతానా?
ఏదో ఒకటి తేల్చి చెప్పండి,
తొడేలు తీసే పనికి పోవాల."

పాఠాలన్నీ నోటికి వచ్చినవాణ్ణి.
బీరువా తీసి
ఏడో తువ్వాలు ఆమె చేతిలో పెట్టాను.
మండుతున్న కళ్లు దాంతో అద్దుకుంది,
మళ్లీ అద్దుకుంది,
గుడ్డని వేళ్ల మధ్య నలిపి చూసింది.
"కొత్తది గదా, తడి పీల్చదు.
ఓపాలి ఉతకాల."